స్థిరాస్తి

జహ్రాలో, మేడమ్ ఇంటి మిద్దె పైన, నీళ్ల ట్యాంకుల నీడలో
దుప్పట్లు ఆరేస్తూ చెప్పింది హస్నావతి:
శుక్రవారం మా ఇల్లు నడుస్తుంది.

పేరు వింటే మా రాయచోటి పిల్లే అనుకుంటారు.
సుంబావా పక్కన, పటంలో ఆవగింజంత కూడా లేని దీవి ఆమెది.
ఆమె బాస నాకు రాదు, నా బాస ఆమెకు రాదు.
వంటింట్లో నేర్చిన అరబీ ఇద్దరికీ అరువు చీర,
చాలీ చాలక భుజం మీంచి జారిపోతుంటుంది.

"బైత్ నడవడమా? మాఫీ!" అన్నాను.
నవ్వి, తడిచేతుల్తో గాల్లో పన్నెండు గుంజలు నాటింది.
వాటి మీద పలకలు పరిచింది.
ఆకుల కప్పు పీకేసి రేకులేసింది,
ఆ రేకులు తన మొదటి ఏడాది జీతం.
కింద నేల మాత్రం వాళ్లది కాదంట.
పెదనాన్న కొడుకుదంట.
ఆ నేల మీది ఏడు కొబ్బరిచెట్లలో మూడు అమ్మవి,
ఒకటి మసీదుది,
ఒకటి తను పుట్టిన రోజు నాటింది కాబట్టి తనది.
సముద్రంలో కూడా తమ్ముడికి మడి ఉందంట,
నాచు పెంచే తాళ్లు, గట్లకు బదులు తేలే సీసాలు.
కాగితం ఏదీ అంటే
ముసలోళ్లకు తెలుసు, అంది.

నవ్వొచ్చింది. కాసేపటికి ఆగిపోయింది.
మాకన్నీ కాగితాలే.
సర్వే నంబరు రెండొందల పద్నాలుగు బై రెండు బి,
ఎకరా ముప్పై సెంట్లు, పాసుబుక్కు, అడంగలు,
ఆరు బోర్లు, ఆరింట్లోనూ దుమ్ము.
నా దినార్లతో పోసిన స్లాబు మీద
ఇనప చువ్వలు ఇంకా నిక్కి చూస్తున్నాయి
పై అంతస్తు ఎప్పుడని.
రిజిస్ట్రేషను మా పెద్ద బావ పేరున.
నువ్వు ఊళ్లో లేవు గదా, వేలిముద్ర ఎవరేస్తారు, అన్నారు.

దీవికి ఒక బూట్ల మనిషి వచ్చాడంట.
పడవ దిగుతూనే ఇసుకను మీటర్లలో కొలిచాడంట.
పెదనాన్న కొడుకు నేల అమ్మేశాడు.
ఇల్లు అమ్మలేడు, అది ఆయనది కాదు.
అందుకని ఇల్లు లేచి పోతోంది.

శుక్రవారం, మేడమ్ కునుకు తీస్తుంటే
స్టోరు రూములో బియ్యం బస్తాకు ఫోను ఆనించాం.
నలభై మంది మగాళ్లు, భుజాల మీద వెదురు బొంగులు.
ఒకడు లోపలికెళ్లి పిల్లిని తెచ్చి బయట వదిలాడు.
పెద్దాయనెవరో కేకేశాడు.
మోకాళ్ల మీంచి లేచే ఒంటెలా
ముందు ఒక పక్క, తర్వాత ఇంకో పక్క
లేచింది ఇల్లు.
లోపల అద్దం ఊగుతోంది.
హస్నావతి వేలు పెట్టి చూపిస్తోంది:
ఆ కిటికీ రంజాన్‌కిచ్చిన డబ్బు.
ఆ తలుపు, నా చెయ్యి కాలిన నెల.
సిగ్నల్ పోయింది.
గాల్లోనే ఆగిపోయింది ఇల్లు,
తెర మీద సున్నా తిరుగుతూ ఉంది.

దస్తావేజులు రాసే సుబ్బరాయుడు ఒకసారి చెప్పాడు:
ఇల్లు స్థిరాస్తి, బంగారం చరాస్తి.
నేను ఏ పద్దు కిందికొస్తానో అడగలేదు.
మా ఇద్దరి పాస్‌పోర్టులు మేడమ్ బీరువాలో
గాజుల పెట్టె కింద ఉన్నాయి.

సాయంత్రం కొత్త ఫ్రీజరు దిగింది.
డ్రైవరు లేడు. మెట్లు పద్దెనిమిది.
నేనొక పక్క, ఆమె ఒక పక్క.
వంగి పట్టుకున్నామో లేదో
ఆ పెద్దాయన కేక ఆమె గొంతులోంచి వచ్చింది.
నలభై మంది బదులు పలకాల్సిన చోట
నేనొక్కదాన్నే పలికాను.
ఏం పలకాలో తెలీక
ఆరో బోరు పైపులు పైకి లాగేటప్పుడు
మా వాళ్లన్న మాటే అన్నాను.
ఫ్రీజరు నేల వదిలింది.

మూడో మెట్టు మీద ఆగి, రొప్పుతూ అడిగింది:
చెట్టు అక్కడే ఉండిపోయింది కదా,
నా కాయలు ఎవరు దించుతారు?