వాలు నేల

మా చర్చిలో బల్ల దగ్గర గోలీ వదిలితే
తనంతట తానే దొర్లుకుంటూ
బాప్తిస్మపు తొట్టి దాకా పోతుంది.
ఈ పేట పిల్లలు ప్రార్థన కంటే ముందు నేర్చేది అదే.

కింద బొగ్గు లేదు. తీసేశారు.
తీసినచోట చీకటిని నింపి పోయారు.
పైన మేం అంగుళం అంగుళం కుంగుతూ
"ఈ ఏడూ తలుపు బిగుసుకుందే" అనుకుంటాం,
రంపం తెచ్చి అడుగున ఇంత చెక్క కోస్తాం.
నూట అరవై ఏళ్ళుగా కోస్తున్న తలుపు,
ఒక రెక్క పొట్టి, ఒక రెక్క పొడుగు.

కట్టించినవాడు జోసయా థ్రెల్‌కాట్, ఇనుము దొర.
గోపురానికి గడియారం పెట్టించాడు, మూడు వైపులే.
నాలుగో వైపు, కూలీల ఇళ్ళకేసి, మొహం లేదు.
వాళ్ళకి వేళ చెప్పడానికి ఫ్యాక్టరీ కూత ఉందిగా అన్నాడట.
కూత ఆగి నలభై మూడేళ్ళు.
గోడ ఇంకా గుడ్డిదే.
సోమవారం సోమవారం ఆ గడియారానికి కీ ఇచ్చేది నేను.
మా ఇల్లు ఆ వైపే.

చలికాలం మధ్యాహ్నాలు
ఇనప్పెట్టె తెరిచి పాత రిజిస్టర్లు చదువుతాను.
తండ్రి వృత్తి అన్న గడిలో
మేకులు, మేకులు, గొలుసు, మేకులు, బొగ్గు, గొలుసు.
తల్లి వృత్తికి గడే లేదు.
పెరటి కొలిమిలో, తిత్తి కొయ్యకి ఉయ్యాల కట్టి
ఒక్క లాగుతో మంటనీ బిడ్డనీ ఊపిన కెజయా టాండీ
వారానికి ఎన్ని బారల గొలుసు కొట్టిందో
ఏ పుటా చెప్పదు.
పెళ్ళి పుటలో ఆమె సంతకం: ఒక ఇంటూ గుర్తు.
కలానికి కొత్తేమో గానీ
రెండు కడ్డీలు ఎక్కడ కలవాలో తెలిసిన చేయి.
ఆమె గొలుసు ఏదో లంగరుకి వేలాడుతూ
ఏదో సముద్రం అడుగున ఉంది.
ఆమె సముద్రం చూడనేలేదు.

థ్రెల్‌కాట్‌ల తాతల నాటి గొలుసులన్నీ లంగర్లకే పోలేదు.
గోడ మీది పాలరాతి పలక ఆ మాట ఎత్తదు.
సెయింట్ కిట్స్ దీవి నుంచి వచ్చిన హొరేషియో మింటో
అరవై ఏళ్ళుగా సరిగ్గా ఆ పలక కిందే కూర్చుంటాడు.
మొదటి ఆదివారం అప్పటి అయ్యగారు గుమ్మంలో చేయి కలిపి
"మళ్ళీ రాకుంటే మంచిది, మావాళ్ళు ఇబ్బందిపడుతున్నారు" అన్నారట.
మరుసటి ఆదివారం
మింటో వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి మారాడు.

ఇప్పుడు అయ్యగారికి నాలుగు చర్చిలు.
మా వంతు మూడో ఆదివారం, పదిహేడు మందిమి.
గురువారం మాత్రం నూట నలభై.
బెంచీలు పక్కకి జరిపి డబ్బాలు పేరుస్తాం,
బీన్స్, పాస్తా, డైపర్లు.
జస్మేర్ కౌర్ కొడుకు గురుద్వారా నుంచి పప్పు గిన్నె తెస్తాడు,
మింటో అందులో ఎర్ర సాసు కలిపి చివాట్లు తింటాడు.
వినిఫ్రెడ్ స్క్రైవెన్ పుస్తకంలో రాస్తుంది:
పెద్దలెందరు, పిల్లలెందరు.
ఎవరూ చెప్పకుండానే ఇంకో గడి గీసింది, తల్లి వృత్తి అని:
గోదాము రాత్రి షిఫ్టు, గోదాము, ముసలివాళ్ళ హోము, గోదాము.
ఆ గోదాము ఎక్కడనుకున్నారు?
కొలుములుండిన చోటే.

ఎరిట్రియా నుంచి వచ్చిన సెనాయిత్
గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొస్తుంది.
చలి, వద్దన్నాం.
వినలేదు.
ఇప్పుడక్కడ ఎనిమిది జతలు, ఒకటి వినిఫ్రెడ్‌ది.

బిషప్ ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చి
గోడకి గాజుపలక అతికించి, పునాది కదులుతోందన్నాడు.
"కదలనిది ఎప్పుడు?" అంది వినిఫ్రెడ్, పాస్తా లెక్కపెడుతూనే.

పోయిన గురువారం సెనాయిత్ చిన్నది
నా జేబులోంచి గోలీ లాక్కుని బల్ల దగ్గర వదిలింది.
అందరం తొట్టి వైపు చూస్తున్నాం.
అది సగం దారిలో ఆలోచించుకుని
ఎడమకి తిరిగి, గుడ్డి గోడ పక్కగా
గుమ్మం దాకా పోయి
ఎవరి చెప్పులోనో దూరింది.
ఎవరిదో ఇంకా తేలలేదు.

నేల ఇప్పుడు అటు ఒరిగిందన్నమాట.
రంపం తేవాలి.