ఇనుప గీత

ఆటోనగర్ మూడో క్రాసులో
బాజీ మేస్త్రి షెడ్డు మీద గది నాది.
కింద లారీలు, పైన ఒక నక్షత్రం.
నక్షత్రమంటే, కొండ మీది టెలిస్కోపు పంపిన ఫైలు:
వెలుగుని చీల్చి పరిచిన రంగుల పట్టీ,
దాని నిండా సన్నటి నల్లగీతలు,
పట్టుచీర మీద రాలిన వెంట్రుకల్లా.

వాటిలో ఒకటి ఇనుముది.
కింద మేస్త్రి గోళ్లలో ఇరుక్కున్న ఇనుమే.

నాలుగు రోజులకోసారి ఆ గీత
ఎరుపు వైపు జరిగి, మళ్లీ నీలం వైపు వస్తుంది.
కనపడని గ్రహమేదో చుట్టూ తిరుగుతూ
నక్షత్రాన్ని గుంజుతోందని
డిసెంబరులోనే రాసేశాను.
దానికో ముద్దుపేరు కూడా పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

ఒక రాత్రి కరెంటు పోయి కిందికి దిగితే
స్టార్టయి ఉన్న లారీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి
కళ్లు మూసుకుని నిలబడున్నాడు బాజీ.
"వణుకు ఎవరికైనా తెలుస్తదమ్మా.
అది దేని వణుకో తెలియాల.
చక్రం లాగితే బండి బండంతా ఒక్క తీరున ఊగుద్ది.
ఇంజనుదే అయితే
ఒక పక్క బిగుసుకుంటది, ఒక పక్క వదులవుద్ది.
చెయ్యి పెట్టు."

పెట్టాను.
ఏమీ తెలియలేదు. మసి అంటింది.

కరెంటొచ్చాక
గీత ఎంత జరిగిందో కొలవడం మానేసి
దాని ఆకారం చూశాను.
ఎవరో గుంజితే గీత గీతగానే జరగాలి,
ఇస్త్రీ చొక్కాని హ్యాంగరుతో సహా పక్కకి నెట్టినట్టు,
మడత నలగకుండా.
ఇది అలా లేదు.
నట్టనడుమ వెన్ను గీసి చూస్తే
ఒకరోజు కుడికి వంగింది,
రెండు రోజులాగి ఎడమకి.
మూడు చలికాలాల రాత్రులూ తిరగేశాను.
వంగుతూనే ఉంది, అదే నాలుగు రోజుల లెక్కన.
ఒంట్లో ఒక పక్క పొంగుతోంది, ఒక పక్క అణుగుతోంది.

అక్కడ ఇంకెవరూ లేరు.
నక్షత్రం తన మానాన తను ఊపిరి తీస్తోంది.

తెల్లారి టీ బండి దగ్గర చెప్పాను.
"ఇంజనేనా?" అన్నాడు బాజీ, గ్లాసు తొలుపుతూ.
"మరి మొకం అట్టా వేలాడేశావేంది?
ఆడతందిగా!"

గుణదల వైపు వెళ్తున్న గూడ్సు కూత
మమ్మల్ని దాటగానే బొంగురుపోయింది.
ఇద్దరం అటు తిరిగాం,
ఎవరి లెక్కలో వాళ్లం.

తొమ్మిదింటికి ఇంకో నక్షత్రం ఫైలు వచ్చింది.
పేరేదీ అనుకోకుండా
ముందు వెన్ను చూశాను.
అరచేతి మసి ఇంకా పోలేదు.