నడిచిన మాంసం

నలభై మూడేళ్లు యొనెజావాలో మాంసం కోశాను.
గాజు పెట్టె వెనక నిలబడి
ఎర్రటి ముక్కలో తెల్లటి గీతలు చూపించి
"మంచు పడినట్టు లేదూ?" అనేవాణ్ణి.
ఎంత మంచు పడితే అంత ధర.
ఆవు ఎక్కువ నడవకూడదు, అదీ కిటుకు.
తిని, పడుకుని, మళ్లీ తిని,
కండలోకి కొవ్వు ఓపిగ్గా
సన్నసన్నగా దారులు తీసుకోవాలి.

గుండెలో కవాటం మార్చేముందు
యంత్రంలోకి తోసి నన్ను అడ్డంగా ముక్కలు చేశారు.
కత్తి లేదు, నెత్తురు లేదు,
కాగితమంత పల్చన.
నా జన్మలో అంత పల్చగా కోయలేదు.

ఆపరేషనైన నాలుగో రోజు
వ్యాయామం చేయించే అమ్మాయి, హొనామి,
తెర మీద ఒక ముక్క చూపించింది.
నడుము దగ్గరిది, వెన్నుకి రెండు పక్కలా.
"కుసాకాబే గారూ, ఇది మీ కండ.
కొలతకి తక్కువేం కాదు. కానీ లోపల చూడండి..."

చూడక్కర్లేదు.
మొదటి రకం.
పెళ్లివాళ్లకీ బ్యాంకు మేనేజర్లకీ
నూనె కాగితంలో చుట్టి
రెండు చేతులతో అందించే రకం.
నవ్వబోయాను.
రంపంతో కోసి తీగతో కుట్టిన రొమ్ము ఎముక
నవ్వనివ్వలేదు.
దిండు కావలించుకుని దగ్గాను.

కవాటం ఆవు గుండె పొరతో చేసిందట.
ఇన్నేళ్లూ గాజు పెట్టెకి అవతల పడుకున్నది
ఇప్పుడు నా లోపలికొచ్చి
తలుపు తీస్తూ మూస్తూ కూర్చుంది.
దానికి నామీద కోపం ఉన్నట్టు లేదు.

చేతి పట్టు చూసి హొనామి కనుబొమలెత్తింది.
కత్తి పట్టిన చెయ్యి కదా.
కాళ్ల సంగతి వేరు.
కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా
ఐదుసార్లు లేవాలి.
రెండుసార్లు లేచాను.
మూడోసారికి తొడలు గంజి అయిపోయాయి.
"రోజంతా నిలబడే ఉన్నానమ్మా, నలభై మూడేళ్లు!"
"ఒక్కచోటే కదండీ" అంది, మెల్లగా.
నిలబడటం నడవటం కాదని
అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

పక్క మంచం నుకాగా గారిది.
పూసల చట్రం మీద లెక్కలు నేర్పిన పంతులు.
అదే వారం, అదే డాక్టరు, అదే కుట్టు.
హొనామి వస్తే "రేపు" అనేవాడు,
మర్నాడు కూడా "రేపు".
ఆయన గుండె గడియారంలా కొట్టుకుంటూనే ఉంది,
కాళ్లు మాత్రం మంచంలో ఉండిపోయాయి.
మూడో వారం చక్రాల మంచం మీద
ఇంకెక్కడికో తీసుకెళ్లారు.
పోతూపోతూ ఆయన వేళ్లు
దుప్పటి మీద పూసలు జరుపుతున్నాయి.
ఏం లెక్కో. తేలిందో లేదో.

ఆ రాత్రి నిద్ర పట్టక
మిత్సుయో గుర్తొచ్చింది.
ప్రతి మంగళవారం వచ్చేది, కొండ మీదింటి ముసలావిడ.
గాజులో మెరిసేవాటి వంక చూసేది కాదు.
"నడిచిన మాంసం ఇవ్వు" అనేది.
పిక్క. వెనక వరసలో చవగ్గా పడి ఉండేది,
ఒక్క తెల్ల గీతైనా లేనిది,
మూడు గంటలు ఉడికితే గానీ లొంగనిది.
జాలిపడి ఓ ఎముక ముక్క ఊరికే వేసేవాణ్ణి.
తొంభై దాటాక కూడా ఆవిడ
వాకిట్లో మంచు తనే ఎత్తిపోసుకునేదని విన్నాను.
జాలి ఎవరు ఎవరిమీద పడాలో
అప్పుడు తెలిసింది, అర్ధరాత్రి రెండింటికి.

పొద్దున హొనామి గడియారం నొక్కింది.
ఒకటి.
రెండు.
మూడు దగ్గర కిటికీ చూశాను,
బయట నిజం మంచు పడుతోంది,
ధర లేనిది, ఎవరో ఒకరు ఎత్తాల్సింది.
నాలుగు.
ఐదో దానికి నా గొంతులోంచి
నాకే తెలియని అరుపొకటి వచ్చింది.
"పంతొమ్మిది సెకన్లు" అంది.
బాగుందని అనలేదు. బాగాలేదనీ అనలేదు.

ఇంకోసారి, అన్నాను.
లోపలి ఆవు లేవనంది.
దాని వీపు మీద ఒక్కటి చరిచాను,
పద, నువ్వూ నేనూ
ఆ తలుపు దాకా.