ఉల్లిపొర రెక్కలు

లాకు తలుపులు దించిన రోజు
కాలవ చెవికి వినపడదు.
అలాంటి రోజే తాత ఆ రేకుడబ్బా తెరిచేవాడు.

దొర పేరు మాకెవరికీ తెలీదు.
మూత మీద గీసిన రెండక్షరాల్లో
ఒకటి తుప్పు తినేసింది.
లొల్ల లాకుల దగ్గర మూడేళ్ళున్నాడట,
పగలు నీటి లెక్కలు రాసుకుని
పొద్దువాలగానే గట్టున నిలబడి
గాలిని కొరడాతో కొడుతున్నట్టు
బద్ద ఊపేవాడట.
"పిచ్చోడనుకున్నాం" అనేవాడు తాత.
ఆ మాట వాళ్ళ నాన్నది.
లస్కరు ఉద్యోగంతో పాటు అదీ సంక్రమించింది.

డబ్బాలో పదకొండు పురుగులు.
ఒక్కటీ పురుగు కాదు.
వడ్లగింజంత కొక్కేనికి
ఈకలు, పట్టుదారం, జరీ పోగు.
ఒకదాని భుజాన లకుముకి నీలం,
ఒకదాని మెడ చుట్టూ
మైనం చుక్కలద్దినట్టు మెరిసే ఈక.
తాత దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని
"ఇది మన్నెం కోడే" అన్నాడు.
"పాపికొండల వెనక కూసింది
ఓడెక్కి వెళ్ళి, ఎవరో దొరసాని వేళ్ళలో పురుగై
మళ్ళీ గోదారికే వచ్చింది."

మా గాలం కథ ఇంత తిరగలేదు.
తాతల కాలంలో గుర్రం తోక వెంట్రుకలు,
జట్కావాడు టీ తాగేలోగా పీకినవి,
మూడు పేనితే పరిగెకి చాలు.
తర్వాత తుమ్మచెక్కతో ఉడికించిన నూలు.
తర్వాత తంగూసు.
బెండంటే ముందు జీలుగు, ఆనక నెమలీక కాడ,
నా చిన్నప్పటికి
తెగిన హవాయి చెప్పు ముక్క.

నానమ్మ పోలమ్మకి ఆ డబ్బా గిట్టేది కాదు.
"ఎర్ర గుచ్చితే చేపకి
చచ్చే ముందు ఓ ముద్దైనా దక్కుద్ది.
ఈక చూపించి పిలవడమేంటి?
పెళ్ళికి పిలిచి ఖాళీ విస్తరేసినట్టు!"

తాత ఏమీ అనలేదు.
ఆ వేసవంతా ఏమీ అనలేదు.

తొలకరి రెండో రాత్రి
లాకు దీపం చుట్టూ ఉసిళ్ళు లేచాయి.
రెక్కలు రాలి నీళ్ళ మీద పడుతుంటే
పరిగెలు మూతులెత్తి
టప్, టప్,
కాలవంతా ఎవరో చిటికెలేస్తున్నట్టు.

దొర పురుగుల జోలికి పోలేదు తాత.
కూరకెళ్ళిన డేగపుంజు మెడ ఈక,
వల అల్లగా మిగిలిన నూలు,
రెక్కలకి ఉల్లిపొర.
నాలిక బయటపెట్టి ముడేశాడు,
నాలుగుసార్లు విప్పాడు.
టార్చి పట్టుకున్నది నేను.
ఉసిళ్ళు నా చొక్కాలో దూరుతున్నా కదల్లేదు.

మన గాలానికి సీసం దారి చూపిస్తుంది.
ఇక్కడ బరువే లేదు,
తాడే ఎరని మోసుకెళ్ళాలి.
ఆముదం పట్టించిన నూలుతాడు
మొదట తాత తువ్వాలుని పట్టింది,
తర్వాత తుమ్మకొమ్మని,
తర్వాత నానమ్మ తిట్టుని.
నాలుగోసారి
ఉల్లిపొర నీటి మీద వాలింది.
అన్ని నిజాల మధ్య ఒక్క అబద్ధం
కాసేపు తేలింది.
టప్.

వేలెడు పరిగె.
మోకాల్లోతు దిగి, కొక్కెం విడిపించి,
నన్ను పిలిచి
నా చొక్కాలోంచి ఒక ఉసిలి తీయించాడు.
దాన్ని పరిగె మూతి దగ్గర పెట్టి
రెండూ కలిపి నీళ్ళలో వదిలాడు.
"ఇస్తరి ఖాళీగా లేదులేవే" అన్నాడు గట్టు మీదికి.
నానమ్మ అప్పటికే లోపలికెళ్ళిపోయింది.
అది తిన్నదో లేదో టార్చి వెలుతురుకి అందలేదు.

ఇప్పుడు రావులపాలెం బస్టాండు ఎదురుగా
నా కొట్లో కార్బన్ రాడ్లు, రీళ్ళు,
ఆరు నుంచి పద్దెనిమిది దాకా గాలాలు.
రబ్బరు కప్పలు కూడా ఉన్నాయండి, ఆయ్.
కుర్రాళ్ళు బేరమాడి పట్టుకెళ్తారు.

డబ్బా మాత్రం బల్ల కింద.
అందులో పదకొండే, తాతది లేదు.
తర్వాతి వానకి
ఏదో పెద్ద చేప దాన్ని తాడుతో సహా లాక్కుపోయింది.

ఉల్లిపాయలు ఒలిచేటప్పుడు మా ఆవిడ కసురుతుంది,
పొరలు కిటికీకేసి పెట్టి చూస్తానని.
పన్నెండో నంబరుకి
కొంచెం పెద్దవే వస్తున్నాయి ఈ మధ్య.