కొసరు

తూకం దగ్గర కూర్చునేది నేనే.
పదమూడేళ్లుగా, మంగళ, శుక్రవారాల్లో,
బర్నీ రేవుకు వీపు పెట్టి,
జలసంధి గాలికి కోటు గుండీలు బిగించుకుని.

మొదట్లో తూకమూ లేదు, నేనూ లేను.
వెర్నా పైబస్ ఉండేది.
స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి.
గుర్రం పోయాక దాని ట్రైలర్ ఒకటి
ఇంటి పక్కన తుప్పు పడుతూ మిగిలింది.

ఒక ఏప్రిల్ సాయంత్రం
ఎర్రమట్టి చేను గట్టున
గుట్టగా పారబోసిన క్యారెట్లు చూసి
బ్రేకు వేసింది.
రెండు కాళ్లవి, నడుము వంగినవి,
ఒకదాన్నొకటి చుట్టుకుని విడవనివి.
"ఇవేం తప్పు చేశాయి?"
"తిన్నగా లేవు" అన్నాడు రైతు.
"నేను మాత్రం ఉన్నానా" అంది వెర్నా.
ఆ వారం అల్వర్‌స్టన్‌లో పందొమ్మిది ఇళ్లు
కాస్త గుర్రం వాసన వేసే
క్యారెట్ సూపు తాగాయి.

అక్కణ్ణించి పెరిగాం.
పిండి పులిసి పొంగినట్టు కాదు,
పాత స్వెట్టరుకు అతుకులు పెరిగినట్టు.
మూతబడ్డ చేపల ఫ్యాక్టరీలో ఒక చల్లగది,
బ్రేకులు తప్ప ఏవీ సరిగా లేని వ్యాను,
తర్వాత అన్నీ సరిగా ఉన్న వ్యాన్లు నాలుగు.
రేపటితో గడువు తీరే పెరుగు డబ్బాలు
ఒళ్లో పెట్టుకుని ఫ్రాయా,
కడుపులో తిప్పే కొండ మలుపుల్లో
గని పట్నం క్వీన్స్‌టౌన్ దాకా.

తూకం యంత్రం బంగాళాదుంపల షెడ్డు నుంచి వచ్చింది.
పెట్టెకు మూడొందల గ్రాములు తక్కువ చూపిస్తుంది.
బాగుచేయిద్దామంటే
వెర్నా ఒప్పుకోలేదు.
"ఉండనీ. లెక్కకు చిక్కనిది కూడా కొంత పోవాలి జనానికి."
ఆమె పెట్టిన నియమం ఒక్కటే:
వచ్చేదాన్ని తూస్తాం,
పోయేదాన్ని తూయం.

నిరుడు వార్షిక సమావేశంలో
గోడ మీద నీలిగీత ఒకటి
మెట్లెక్కినట్టు పైపైకి ఎక్కింది.
ఇన్ని టన్నులు, ఇన్ని ఊళ్లు. చప్పట్లు.
వెర్నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.
"కొట్టుకి గిరాకీ పెరిగితే పండగే" అంది నాతో మెల్లగా,
"మన దగ్గరికి వచ్చేవాళ్లు పెరిగితే..."
మాట ముగించలేదు.
బిస్కెట్టు టీలో విరిగి పడింది,
చెంచాతో దాన్ని వెతుకుతూ కూర్చుంది.

ఈ జూలైలో, గేటు మూసే వేళకి
ఎల్విన్ స్పాల్డింగ్ వచ్చాడు.
ఏడేళ్లు మాకు పాలు పంపినవాడు.
ఆవుల్ని అమ్మేశాడని అందరికీ తెలుసు,
అతనికి తప్ప ఎవరూ ఆ మాట ఎత్తరు.
అతనూ ఎత్తలేదు.
చేతిలోని అట్టపెట్టెను
పాత అలవాటు కొద్దీ
తిన్నగా తెచ్చి తూకం మీద పెట్టాడు.

ఖాళీ పెట్టె. మూడొందల గ్రాములుంటుందేమో.
ముల్లు సున్నా మీద
అటూ ఇటూ కదలక నిలబడింది.
ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"ఇటు కాదు ఎల్విన్" అని
పెట్టె దించాను.
దుంపలు, రొట్టె, రెండు కాళ్ల క్యారెట్లు.
పాల సీసా తీసినప్పుడు
లేబుల్ చదివాడు, వేరే ఎవరిదో డెయిరీ.
"వెన్న తక్కువ వీళ్లది" అన్నాడు.
"అవును, నీ పాలకి సాటి రావు."
రెండు సీసాలు పెట్టాను.
పుస్తకంలో ఏమీ రాయలేదు.