మెట్లు వెనకవైపు

సుగుణమణి గారి గది కస్తూరినగర్‌లో
టైర్ల షాపు పైన, రెండో అంతస్తు.
మెట్లు వెనకవైపు.
ఆ ఒక్క మాట ఎక్కడా రాసి లేదు.
మ్యాపులో ఆమె పిన్ను
రోడ్డవతల కల్యాణమంటపం మీద పడి ఉంది,
మూడేళ్ళుగా.

నేను వెబ్‌సైట్లు కట్టేవాణ్ణి.
పళ్ళ డాక్టర్లకి, జిమ్ములకి,
కుక్కలకి స్నానం చేయించేవాళ్ళకి.
అలవాటుగా అన్నాను,
"బెంగళూరులో నంబర్ వన్ అని పెడదాం మేడమ్."
ఆమె టీ ఊదుకుంటూ మదనపల్లె యాసలో అంది,
"నంబర్ వన్ దగ్గరికి పోవాలంటే
వాళ్ళకి భయమేస్తాది నాయనా."

జనం ఏ మాటలతో వెతుకుతారో చూద్దామని
ఆ రాత్రి పట్టీ తీశాను.
థెరపీ అని కొట్టినవాళ్ళు తక్కువ.
నిద్ర పట్టడం లేదు ఏం చేయాలి
కారణం లేకుండా ఏడుపు
తెలుగు వచ్చిన కౌన్సెలర్ దగ్గరలో
లిఫ్టులో ఊపిరాడటం లేదు
కౌన్సెలింగ్‌కి వెళితే కంపెనీకి తెలుస్తుందా
ఎక్కువ భాగం రాత్రి రెండూ మూడింటి మధ్య.
కొన్ని సగంలోనే ఆగినవి:
నా భార్య నన్ను
అమ్మ పోయాక నేను
తెలుగులో క్రియ చివరన వస్తుంది కదా,
అక్కడిదాకా నడవలేకపోయాయి వేళ్ళు.

ప్రతి మాటకీ పక్కనే ధర ఉంది.
ఒంటరితనం, క్లిక్కుకి ఇరవై ఒక్క రూపాయి.
కుక్క స్నానం కంటే చవక.

పాత పేజీలో సూర్యాస్తమయం చూస్తున్న అమ్మాయి బొమ్మ తీసేశాను.
మెట్ల ఫొటో పెట్టాను, నేనే తీసింది,
పిట్టగోడ మీద ఎవరిదో పసుపు దుప్పటి ఆరేసి ఉంది, అలాగే ఉంచాను.
కింద రాశాను:
మెట్లు వెనకవైపు. మొత్తం పదహారు.
దారి తెలియకపోతే టైర్ల షాపు ముబారక్‌ని అడగండి.
ఎందుకని అతను అడగడు.
ఫీజు ఎంతో మొదటి వరసలోనే రాయమంది ఆమె.
గురువారం ఎంత ఇవ్వగలిగితే అంత.
భాషలు తెలుగు, కన్నడం, కొంచెం ఉర్దూ.
"మౌనం కూడా అని కలుపుదామా?" అన్నాను.
"కవిత్వం వద్దు," అంది. "ఫోన్ నంబరు పెద్దగా రాయి."

పిన్ను రోడ్డు దాటడానికి పదకొండు రోజులు పట్టింది.
ఈలోగా మంటపం వాచ్‌మన్ తిప్పేస్వామిని కలిశాను,
తప్పిపోయి ఎవరైనా వస్తే
ఎదుటి మేడ చూపించమని చెప్పడానికి.
అతను కాసేపు ఆలోచించాడు.
"వస్తుంటారు సార్, ఒంటరిగా.
కానుక ఉండదు, చేతిలో ఫోను మాత్రం ఉంటుంది.
గేటు దగ్గర నిలబడి, బోర్డు చదివి, వెళ్ళిపోతారు.
మొన్న శ్రావణంలో ఒకాయన్ని లోపలికి పిలిచి
ఆకు వేసి వడ్డించాం.
పప్పన్నం కలుపుకొని, తింటూ తింటూ ఏడ్చాడు.
అమ్మాయి తరఫు అనుకున్నాం.
పెళ్ళికూతురి మేనమామ వచ్చి వీపు నిమిరాడు."
"తర్వాత?"
"పాయసం రెండోసారి వేయించుకున్నాడు సార్."

సుగుణమణి గారికి ఈ సంగతి చెప్పాను.
నవ్వుతుందనుకున్నాను.
"ఆ మేనమామ పేరేమి?" అని అడిగింది.

ఇవాళ గురువారం.
ఆమె ప్రింటరు బాగుచేస్తూ నేల మీద కూర్చున్నాను.
వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు.
ఏడు లెక్కపెట్టాను. ఆగింది.
రెండు కిందికి.
లేచి చూడబోతే ఆమె చేత్తోనే వారించింది,
వంటగదిలోకి పొమ్మని సైగ చేసి
తను మాత్రం తలుపు జానెడు తెరిచి
వెళ్ళి కుర్చీలో కూర్చుంది, ఏదో బిల్లు చూసుకుంటూ.

కింద ముబారక్ ఎవరి చక్రానికో గాలి పడుతున్నాడు.
ఆరు.
ఏడు.
ఎనిమిది.