పండబెట్టే వేడి

ఒంగోలు, కర్నూలు రోడ్డు, రెండో అంతస్తు.
రాత్రి పదకొండున్నర.
ఇంక్యుబేటర్ తలుపు మీద ఎర్ర అంకెలు: ముప్పై ఏడు.
మా నాయన లెక్కలో తొంభై ఎనిమిది, పైన కాస్త.
కొండపి బ్యారన్లలో పచ్చాకు పండటానికి
మొదటి రోజు పెట్టే వేడి ఇంచుమించు ఇంతే.

నాయన పేరు మాలకొండయ్య. పొయ్యి కాపలా.
థర్మామీటర్ చూసేవాడు గానీ
నమ్మేది ముక్కును.
"ఆకే చెప్తది మే, నువ్వు తొందరపడబాక."

ఇప్పుడు నా గాజు గిన్నెలో సువార్త ఉంది.
పల్లెపోగు వాళ్ళ పిల్ల, టంగుటూరు, తొమ్మిదేళ్ళు.
నాయనమ్మ సున్నం పొట్లం నొక్కి ఆడుకుంటుంటే
టప్పున పగిలి ఎడమ కంట్లో పడింది.
నల్లగుడ్డు చుట్టూ అంచు మాడిపోయింది.
మూలకణాలు కాపురముండేది ఆ అంచులోనే,
కంటి అద్దానికి రోజూ కొత్త పొర వేస్తూ.
వాళ్ళు పోయాక, గట్టు తెగిన చేలోకి నీళ్ళలా
తెల్లగుడ్డు నెత్తుటి నరాలతో సహా
చూపు మీదికి ఎక్కేసింది.

కుడికంటి అంచునుంచి డాక్టరమ్మ
నువ్వుగింజంత కోసిచ్చింది.
దాన్ని మాయ పొర మీద పరిచాను.
కందుకూరులో ఎవరో తల్లి
బిడ్డను ఎత్తుకుని, పొరను మాకొదిలి వెళ్ళింది.
నా రిజిస్టర్లో ఆమె ఒక నంబరు.
మొహం తెలియని పిల్లకి
తన కడుపు తీసి పక్క వేసింది.

కాలేజీలో చెప్పారు, మూలకణమంటే రాయని పలక అని.
మార్కాపురం పలకలు అరగదీసినదాన్ని, నేనొప్పుకోను.
పలక మీద ఎవరేం రాసినా పడుంటుంది.
ఇది వింటుంది.

పక్కవాళ్ళు పంపే ఒక కబురు పేరే వింట్.
మొదట్లో తెలుగు మాటే అనుకున్నాను.
అది రానంతసేపూ లోపల
ఒక వార్తాహరుడు పుట్టడం, పుట్టగానే చంపేయడం,
మళ్ళీ పుట్టడం, మళ్ళీ చంపేయడం.
వింట్ వచ్చి తలుపు తడితే
చంపే చేతులు ఆగుతాయి.
బతికినవాడు గర్భగుడిలోకి నడిచి
చుట్టలా బిగించి చుట్టిన రాతల్లో
ఏ మడత విప్పాలో వేలు పెట్టి చూపిస్తాడు.
ఒక్క మాట వినడానికి సిద్ధంగా ఉండాలంటే
ఇంతమందిని పోగొట్టుకోవాలా
అని చాలా రాత్రులు కూర్చున్నాను.

నాచ్ అని ఇంకోటి. దానికి కబురు చాలదు, తాకాలి.
ఒళ్ళూ ఒళ్ళూ ఆనుకుంటేనే పలుకుతుంది
ఆకు గుచ్చే పందిట్లో అమ్మావాళ్ళ మోచేతుల్లాగా.

అలా వినీ తాకీ, ఒకటి రెండవుతుంది.
అంచును పట్టుకున్నది అంచులోనే ఉండిపోతుంది,
తల్లి ఎలా ఉండేదో అలాగే.
గట్టు దిగినది నడిమధ్యకి నడుస్తుంది,
నడుస్తూ నడుస్తూ నీళ్ళంత తేటబడుతుంది,
వారం పదిరోజులు వెలుగుకి దారిచ్చి
రెప్ప తుడుపులో రాలిపోతుంది.

"రెండిట్లో ఏది గొప్ప మేడమ్?" అన్నాడు
కొత్తగా చేరిన గనీబాషా.
తెలియదన్నాను.
పండిన ఆకు మళ్ళీ పచ్చబడదు,
పండని ఆకు వేలంలో ఎవడూ పాడడు.
అయినా నాయన ఏటా తలలు తుంచేటప్పుడు
నాలుగు మొక్కలు తుంచకుండా వదిలేవాడు, విత్తనానికి.
గనీకి ఇదేమీ చెప్పలేదు. టీ తాగాం.

రిజిస్టర్లో రాశాను:
పదకొండో రోజు. గులకరాళ్ళు పరిచినట్టు, అంచు దాకా.
గురువారం ఆపరేషన్.
అతుక్కుంటుందో లేదో రాసే గడి ఇందులో లేదు.

అప్పుడు కరెంటు పోయింది.
బ్యాటరీ మీద అంకె ఒక్క గీత దిగింది,
ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది.
తెలియకుండానే తలుపుకి అరచెయ్యి ఆనించాను,
బ్యారన్ గోడకి ఆయన ఆనించినట్టు.
ఇనుము నాకేమీ చెప్పలేదు.
లోపల వాళ్ళు వాళ్ళు చెప్పుకుంటూనే ఉంటారు.
కింద జనరేటర్ రెండుసార్లు దగ్గి
అందుకుంది.